ఒడ్డు తలనొప్పి

నాన్నా,

వేట నిషేధం అయిపోయింది. ఇవాళ పొద్దున్నే జెట్టీలో బోట్లన్నీ కదిలాయి, మనది తప్ప. ఐసు ఎక్కిస్తుండగా చిన్నాన్న తల పట్టుకుని కూలబడ్డాడు.

"రెండు నెల్లు ఒడ్డునుంటే తలనొప్పి రాదేట్రా? సముద్రం మీదకెల్తే అదే పోద్ది" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. నేనిక ఎవరి మాటా వినకుండా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను.

పక్షవాతం మొదలైందట. సమయానికి తెచ్చారు కాబట్టి గండం తప్పిందన్నాడు డాక్టరు. "ఇంత తొందరగా ఎలా కనిపెట్టావయ్యా?" అని నన్ను అడిగాడు.

నేను తల దించుకున్నాను.

నిరుడు నిషేధంలో నువ్వూ ఇలాగే తల పట్టుకుంటే, "ఏటి నాన్నా, వేట లేకపోతే ఒడ్డు కూడా పడదేటి నీకు?" అని అందరి ముందూ నవ్వింది నేనే. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసి, కాసేపు పడుకోమన్నాను. నువ్వు మళ్ళీ లేవలేదు.

నా బదులు మంచం మీంచి చిన్నాన్నే చెప్పాడు, తడబడుతూ.

"ఆళ్ళ నాన్న నేర్పినాడు బాబూ."

డాక్టరు మెచ్చుకుంటూ నా భుజం తట్టాడు. తట్టించుకున్నాను, నాన్నా.