కుడి భుజం మీద పైట

ఆదివారం, రాత్రి

సాగర్ కాలువ తవ్వేటప్పుడు నాన్న నడిపిన ఎక్స్‌కవేటర్‌కు నమూనా ఇవాళ పూర్తయింది. ఏడాదిగా నూనె డబ్బాల రేకుతో చేస్తున్నాను. ఆధారం నాన్న పెట్టెలో దొరికిన ఒకే ఒక్క ఫొటో.

సాయంత్రం మా ఆవిడ ఆ ఫొటోను నమూనా పక్కన పెట్టి చూస్తూ, "ఏవండీ, ఈ మట్టి మోసేవాళ్ళంతా పైట కుడి భుజం మీద వేసుకున్నారేంటి?" అంది.

"యంత్రం చూడమంటే పైటలు చూస్తావేంటి" అన్నాను. అంటూనే ఫొటో చేతిలోకి తీసుకున్నాను. మన వైపు ఎవరూ అలా వేసుకోరు. స్టూడియోవాడు నెగటివ్ తిరగేసి ప్రింటు వేశాడు, ఫొటోలో కుడి ఎడమైంది. అంటే నాన్న కూర్చున్న క్యాబిన్ ఉండాల్సింది కుడి పక్కన. నేను ఎడమ పక్కన అతికించాను. మెట్లు, తలుపు అన్నీ తారుమారే.

"ఇన్నాళ్ళు చూశారు గదా, అందులో మనుషులున్నారని కనపడలా?"

కనపడలేదు.

"పోన్లెండి, ఎవరన్నా వస్తే అద్దంలో చూపిద్దాం" అని నవ్వింది.

ఆమె పడుకున్నాక నిజంగానే అద్దం ముందు పెట్టాను. అద్దంలో నాన్న బండి సరిగ్గా ఉంది. బల్ల మీద ఉన్నది నాన్న ఎన్నడూ ఎక్కనిది. విప్పాలంటే అతుకులన్నీ కరిగించాలి. అంత వేడికి ఆ పల్చటి రేకు నిలుస్తుందో లేదో.