పొయ్యి మీది గడియారాన్ని నమ్మకు

మారిట్,

నవంబరు మూడున, చలికాలం కోసం ఊరంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్న రోజు, బంగాళదుంప సూప్ తింటూ పొయ్యి మీది గడియారాన్ని నమ్మాం. నేను దాన్ని తిప్పలేదు. గర్భం కోసం వేసే సూది నీకు గంట ముందే పడింది. ఆ విడత గర్భం రాలేదు. డాక్టరు దానివల్ల కాదన్నాడు కానీ నా మనసు ఒప్పుకోదు.

ఇందాక నర్సు ఫోన్ చేసింది. రక్తపరీక్షలో హార్మోను సరిగ్గా వచ్చిందట. "రాత్రి తొమ్మిదిన్నరకే సూది. నిమిషం తేడా రాకూడదు, కాబోయే తాతగారూ" అంది. ఆ పిలుపు విని టైము రెండుసార్లు రాసుకున్నాను.

వేసవి కోసం ఇవాళ గడియారాలు గంట ముందుకి జరిగాయి. పొయ్యి గడియారం తిప్పడం మీ అమ్మకే వచ్చేది. అప్పటినుంచీ తిప్పలేదు కనక ఇప్పుడది సరిగ్గానే ఉండొచ్చు, అయినా నేను నమ్మను. దానిమీద తువ్వాలు కప్పాను, తీయకు. ఫోనులోనే టైము చూడు. సూది ఫ్రిజ్‌లో వెన్న పక్కనుంది. ఇన్సూరెన్సు మరోసారికి ఒప్పుకోదు తల్లీ. ఈసారీ నావల్ల తప్పితే తట్టుకోలేను.

నీ ఆండర్స్‌ని తేవడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాను.

నాన్న

మేమొచ్చేసరికి నిద్రపోతే లేపను. చప్పుడు కాకుండా నీ గది తలుపు మూస్తాను.