నల్లబారిన అయస్కాంతం

ప్రయోగశాల,
11 మే 1994

నా ఉత్తరాలను ఆదివారాలు తోటలో చేరే ఇరుగుపొరుగు అందరికీ పైకి చదివి వినిపించే నాన్నకు,

ఈ ఒక్కటి మాత్రం మనసులోనే చదువుకో.

మొన్న ఆదివారం కువాలిక్ మామయ్య నన్ను చూడగానే, "అదిగో ఇనుప రాణి! మేం కొలిమి దగ్గర నలభై ఏళ్ళు ఇనుము కరిగించి సాధించలేనిది ఇది గాజు కుప్పెలో సాధించిందట!" అన్నప్పుడు, నువ్వు బంగాళాదుంపల సలాడ్ గిన్నె పట్టుకుని ఎంత వెలిగిపోయావో! నేను నవ్వలేదు. నువ్వు చూశావు, అడగలేదు.

రెండు కర్బన ముక్కలను అతకాలంటే ఒక లోహం పెళ్ళిళ్ళ పేరయ్యలా మధ్యన నిలబడాలనీ, ఒక జంటను కలిపి మరో జంట దగ్గరికి పోతుందనీ నీకు చెప్పాను కదా. ఆ పనికి పల్లాడియం అనే లోహం వాడతారు. అది అరుదైనది, ఖరీదైనది. నేను అదే పనిని ఇనుముతో చేయించాను. నూటికి తొంభై రెండు పాళ్ళు అతుకు! మూడేళ్ళ కష్టం. నా పరిశోధనకు మార్గదర్శి ప్రొఫెసర్ లోమన్ గారు పంపిన వ్యాసాన్ని పత్రికవాళ్ళు అచ్చుకు తీసుకున్నారు. వచ్చే నెల ఆయన పదవీ విరమణ. వీడ్కోలు ప్రసంగం దీని మీదే.

పోయిన వారం పక్క బల్ల యోర్గ్ అదే ప్రయోగం చేస్తే ఏమీ రాలేదు. "నీ చేతి మహిమ తల్లీ, నా కుప్పెకు కాస్త దిష్టి తియ్యి" అన్నాడు. నేను చేస్తే వచ్చింది. పదార్థాలన్నీ అవే సీసాల్లోవి. చివరికి ఒక్క తేడా మిగిలింది: కుప్పెలో గిరగిరా తిరుగుతూ ద్రావణాన్ని కలిపే చిక్కుడు గింజంత అయస్కాంతం. వాడిది కొత్తది. నాది తెల్లపూత నల్లబారిన పాతది. నాకు ముందు ఆ బల్ల దగ్గర పల్లాడియంతో పనిచేసినవాళ్ళు వదిలి వెళ్ళింది. ఎంత కడిగినా ఆ నలుపు పోదు. కలిసొచ్చిందని మూడేళ్ళుగా నేను దాన్నే వాడాను.

మొన్నటి నుంచి ఇనుము అసలు వెయ్యకుండా, ఆ ముక్కను మాత్రం వేసి నాలుగుసార్లు తిప్పాను. ఒక్కసారీ ఎనభై ఎనిమిది పాళ్ళకు తగ్గలేదు, నాన్నా. ఆ పూత గీతల్లో దాక్కున్న పల్లాడియం పనిచేస్తుంటే, నేను ఇనుముకు పట్టాభిషేకం చేశాను.

ఇది ఇంకా ఎవరికీ తెలియదు. ముక్కను చెత్తబుట్టలో పడేసి ఊరుకుందామా అని ఒక గంటసేపు అనుకున్నాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను. రేపు పొద్దున లోమన్ గారికి చెబుతాను. నా డాక్టరేట్ పోవచ్చు. కానీ నువ్వు తోటంతా చాటుకున్నావు, అదే నన్ను ఎక్కువ కోస్తోంది.

నీ
హైకే

*

బోట్రొప్,
14 మే

పిల్లా,

ఈపాటికి చెప్పే ఉంటావు.

గనిలో ఒకసారి నేను పైకప్పుకు ఊతకర్ర వంకరగా నిలబెట్టాను. ఎవరూ చూడలేదు. పైకి వచ్చి స్నానం కూడా చేశాను. మళ్ళీ ఆ మసిబట్టలే తొడుక్కుని, మేస్త్రీకి చెప్పి, కిందికి దిగి సరిచేశాను. ఏడాది పాటు అందరూ మన ఇంటిపేరుకు తగిలించి నన్ను "వంకర కచ్‌మారెక్" అన్నారు. అననీ. కప్పు నిలిచింది.

మనసులో చదువుకోమన్నావు. వినలేదు. కువాలిక్‌కు పైకే చదివాను. వాడు గొంతు సవరించుకుని, "తన తప్పు తానే పట్టుకుందా? మా వంశంలో అలాంటివాడు ఒక్కడూ పుట్టలేదురా" అన్నాడు. నేను సలాడ్ మళ్ళీ వడ్డించుకున్నాను.

నాన్న

*

ప్రయోగశాల,
20 అక్టోబర్ 1995

ఊపిరితిత్తులు మొరాయించి రాలేకపోయిన నాన్నకు,

దీన్ని ఎంత గట్టిగానైనా చదువుకో. నిన్న డాక్టరేట్ పరీక్ష గట్టెక్కాను!

లోమన్ గారి గదిలో ఆ ఉదయం ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. ఆయన విని, "ఇనుము లేకుండా ఎన్నిసార్లు చేశావు?" అన్నారు. "నాలుగు." "నేను ఒక్కసారైనా ఎందుకు చేయించలేదు?" ఆ ప్రశ్న నాకు కాదు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. వీడ్కోలు సభలో ఆ నల్లముక్కను పైకెత్తి చూపి, "నా చివరి పాఠం ఇది. చెప్పింది నేను కాదు" అని నావైపు చూశారు. ఆ ముక్కలోని రవ్వంత పల్లాడియం అంత పని ఎలా చేస్తుందన్నదే నా కొత్త పరిశోధన అయింది. నిన్న నన్ను రెండు గంటలు ప్రశ్నించింది దాని మీదే.

పరీక్ష అయ్యాక తోటివాళ్ళు అట్టతో పట్టభద్రుల టోపీ చేసి, మన పరిశోధన కష్టాల గుర్తులన్నీ దాని మీద అతికించి తలకు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. నా టోపీ చుట్టూ తుప్పు మేకులు. పైన కుచ్చు ఉండాల్సిన చోట, దారానికి వేలాడుతూ, ఆ నల్లబారిన అయస్కాంతం. యోర్గ్ దాన్ని నా తలకు పెడుతూ, "తల ఎక్కువ తిప్పకు, మళ్ళీ ఏదో ఒకటి తయారవుతుంది" అన్నాడు. గది గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

ఆదివారం ఆ టోపీతోనే తోటకు వస్తాను. కువాలిక్ మామయ్యకు చెప్పు: ఇనుప రాణి గద్దె దిగింది. సలాడ్ ఇంకొంచెం ఎక్కువ చెయ్యి.

ఇట్లు,
డాక్టర్ వంకర కచ్‌మారెక్
(చిన్నది)