క్వారీ హిల్ కాని స్టేషన్

న్యూయార్క్ రాష్ట్రం, మౌంట్ వెర్నన్ కాపురస్థుడినైన ఎమిల్ హాస్కెల్ అనే నేను, అరవై ఏడేళ్ల వాడిని, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివి తిన్నగా ఉండగానే ఈ వీలునామా రాస్తున్నాను. నా గుండె సంగతి డాక్టరు దాచకుండా చెప్పాడు కనుక ఇక వాయిదా వేయను. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు.

1. ఇల్లూ సామానూ మా మేనకోడలు కోరిన్‌కు చెందుతాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. వంటింటి కిటికీ వానకు బిగుసుకుంటుంది; కింద నుంచి గుద్దాలి.

2. 1937లో ఆగిపోయిన మా కరెంటు రైలు స్టేషన్ల పోస్టుకార్డులు, మొత్తం నాలుగు వందల పన్నెండు, మా కార్డుల సంఘానికి ఇస్తున్నాను. పట్టాలు పాత ఇనుములో కలిసిపోయాయి, స్టేషన్లు కూలిపోయాయి; మిగిలినవి ఈ అట్టముక్కలే. కార్యదర్శి డెల్మార్ మాత్రం ఒక్కటి కూడా ఇంటికి తీసుకుపోరాదు. అతను కాఫీ కప్పు దేనిమీద పెడతాడో నేను కళ్లారా చూశాను.

3. మరో రెండు కార్డులు మా సంఘం సభ్యుడు డెస్మండ్ లార్కిన్‌కు చెందుతాయి.

మొదటిది రంగుల కార్డు. అడుగున ఉన్న పేరును ఎవరో కత్తిరించేశారు. టికెట్ గది గుమ్మంలో టోపీ పెట్టుకున్న మనిషి ఉంటాడు. అది క్వారీ హిల్ స్టేషన్ అనీ, ఆయన అక్కడ టికెట్లు అమ్మిన మా నాన్న అనీ 1961లో సంఘం సమావేశంలో ప్రకటించాను. నాన్న పోయేనాటికి నాకు మూడేళ్లు, చెల్లెలు లియోనా చంకబిడ్డ. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు.

క్వారీ హిల్‌లో మెట్లు కుడివైపు కదా, ఇందులో ఎడమవైపున ఉన్నాయేమని లార్కిన్ లేచి అడిగాడు. అచ్చువాడు బొమ్మను కుడిఎడమలు తిరగేసి వేశాడన్నాను. "అట్లాగైతే గోడ గడియారంలో అంకెలు కూడా తిరగబడాలి కదరా! ఆయన ఎవరి నాన్నో గానీ, మీ నాన్న కాదురా ఎమిల్!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి అతనితో మాటలు మానేశాను.

రెండోది అదే బొమ్మ, అడుగున పేరుతో సహా ఉంది: లారెల్ రోడ్. 1964లో ఒక వేలంలో కొని బిస్కెట్ల డబ్బాలో దాచాను. అప్పటికే లియోనా మొదటి కార్డు నకలు మంచం పక్కన పెట్టుకుని, రోజూ లేవగానే నాన్నను పలకరించేది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె కోసమే అనుకున్నాను. సగం నా పరువు కోసం.

4. ఈ తప్పును సంఘం పత్రికలో నా పేరుతోనే అచ్చువేయాలి. ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షి సంతకం చేయరాదట. సాక్షిగా పిలవడానికి లార్కిన్ ఎదుట పడే పని చట్టమే తప్పించింది. నాకు హాయిగానే అనిపించింది, సిగ్గు కూడా వేసింది.

5. లియోనా ఈ మార్చిలో పోయింది. శవపేటికలో ఆ బొమ్మను ఆమె చేతుల కింద పెట్టింది నేనే. ముక్కూ మొహం తెలియని మనిషితో నా చెల్లెల్ని పాతిపెట్టాను. కోరిన్, నువ్వు నన్ను తిట్టుకున్నా తప్పులేదు. ఆ రోజు లార్కిన్ కూడా వచ్చాడు. పెట్టెలోకి వంగి, చాలాసేపు చూశాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత అతను నాతో అన్న మొదటి మాట ఇది: "మీ నాన్న మంచి కళగా ఉన్నారురా ఎమిల్."

నేను అవునన్నాను.

1979 అక్టోబరు 9, మౌంట్ వెర్నన్.
(సంతకం) ఎమిల్ హాస్కెల్

సాక్షులు:
హెడ్విగ్ బ్రాంట్, పక్కింటి ఆవిడ
ఓర్విల్ స్టెంపెల్, మందుల షాపు యజమాని