దంపతులకు సన్మానం

జూలై 7, సోమవారం

స్కూలు నుంచి వచ్చేసరికి టీవీ ముందు కార్డు నిలబెట్టి ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే కనపడేట్టు. బంగారు రంగు అంచు, నున్నటి కాగితం. పిల్లలకు కుక్కల శిక్షణ ఇస్తూ ఉచితంగా సేవ చేస్తున్నందుకు డేనియల్, కరుణమ్మ దంపతులకు... తర్వాత లైను... శ్రీ ప్రకాశం, శ్రీమతి సునంద దంపతులకు ఘన సన్మానం.

శ్రీ ప్రకాశం! ముందు ఆ పేరు. తర్వాత నాది.

శనివారం శనివారం ఐసు ఫ్యాక్టరీ వెనక దొడ్లో ఎండకు మాడింది డేనియల్ అన్న, నేను. ఈయన గేటు దాకా కూడా రాలేదు. ఒక్కసారి... ఒక్కటంటే ఒక్కసారి. "కుక్కల టీచరమ్మ బయల్దేరింది" అని వీధిలో నలుగురూ వినేట్టు అనడం మాత్రం ఏ వారమూ మానలేదు.

ఆయన, ఈయన అని రాయడం కూడా దండగ. ఇవి నా పేజీలు. ఇక్కడ ప్రకాశం అనే రాస్తా. మొగుడైతే మాత్రం.

జూలై 8

తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. ఫంక్షన్ ఇరవై ఆరున. ఇప్పుడే ఇచ్చాడు.

జూలై 9, బుధవారం

సన్మానం చేసే సంఘం ప్రెసిడెంటు గారికి ఫోన్ చేశా. మర్యాదగానే అడిగా — ప్రకాశం పేరు ఎందుకు వేశారు సార్ అని.

"అదేందమ్మా అట్టంటావు? మన సంఘంలో ఎవురికి చేసినా దంపతులకే గదా చేసేది. ఆడమనిషిని ఒక్కదాన్నే కుర్చీలో కూచోబెడితే చూసేవోళ్ళు ఏమనుకుంటారు? ప్రకాశం సారుకి ఏమన్నా అయిందేమో అనుకోరా?"

ఏమీ కాలేదు. నిక్షేపంగా ఉన్నాడు. అదే కదా నా బాధ.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ముఖ్య అతిథి పోర్టు కంపెనీ మేనేజరట. అంటే ప్రకాశానికి పై అధికారి. ఇప్పుడు అర్థమైంది ఇస్త్రీ చొక్కా.

జూలై 12, శనివారం

క్లాసు. పొద్దున్నే గాలి లేదు, ఉక్క. పట్టపుపాలెం పిల్లలు ముందే వచ్చి నీడలో కూర్చున్నారు, పక్కన వాళ్ళ కుక్కలు. ఒకప్పుడు ఈ పిల్లలే ఈ కుక్కల్ని రాళ్ళుచ్చుకుని తరిమేవాళ్ళు. డేనియల్ అన్న పోలీసు కుక్కల దగ్గర పని చేసి రిటైరయ్యాడు, గొంతు పెంచడు. "గొలుసు లాగబాకండ్రా, పిలవండి. పిలిస్తే వస్తది గదా" అంటాడు. రోజంతా అదే మాట.

మెర్సీ అనే పిల్ల తెచ్చిన కుక్కపిల్ల ఇవాళ 'కూచో' అంటే కూర్చుంది. మెర్సీ మొహం చూడాలి! నన్ను వాటేసుకుంది. చెమట, కుక్క వాసన, కొబ్బరినూనె.

అంతలోనే అడిగింది. "టీచర్, నల్లోడు ఇంక రాడా?"

డిసెంబరు నుంచీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. నల్లోడు నా కుక్క. మా మొదటి కుక్క. వాణ్ణి చూసే మిగతా కుక్కలన్నీ కూర్చోవడం నేర్చుకున్నాయి, వాణ్ణి పట్టుకునే పిల్లలందరూ భయం పోగొట్టుకున్నారు. నేను రెండు రోజులు అమ్మను చూడ్డానికి కావలి వెళ్ళి వచ్చేసరికి వాడు లేడు. "గొలుసు తెంపుకొని పోయినాది" అన్నాడు ప్రకాశం. గొలుసేమో మేకుకి వేలాడుతోంది, శుభ్రంగా, చుట్టచుట్టి. కుక్క గొలుసు తెంపుకుని, మళ్ళీ అతికించి, చుట్టచుట్టి మేకుకి తగిలించి వెళ్ళిందన్నమాట.

కంపెనీ జీపులో ఎక్కించడం ఎదురింటావిడ చూసింది. నిలదీస్తే అప్పుడు ఒప్పుకున్నాడు. "అవును, వదిలేసి వచ్చినా. ఈ ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువైంది. ఏం చేస్తావు?"

ఎక్కడ వదిలాడో చెప్పలేదు. కృష్ణపట్నం రోడ్డు మొత్తం తిరిగా, కరెంటు ప్లాంటు గేట్ల దగ్గర కాపలావాళ్ళని అడిగా, మైపాడు వైపు వెళ్ళా. నల్ల కుక్క కనపడితే చాలు బస్సులోంచి తల బయటపెట్టేదాన్ని. ఇప్పటికీ పెడతా.

"వస్తాడే" అన్నా మెర్సీతో.

జూలై 14, సోమవారం

అడిగేశా. టిఫిన్ దగ్గర. ప్రకాశం నోట్లో ఇడ్లీ ఉండగా, మాట అడ్డం రాకుండా.

"నల్లోణ్ణి ఎక్కడ వదిలారో చెప్పండి. స్టేజీ ఎక్కి మీ పక్కన కూర్చుంటా. చెప్పకపోతే ఆ రోజు కావలి పోతా. మీ మేనేజరు ముందు ఒక్కరే కూర్చోండి."

"కుక్క కోసం మొగుడి పరువు తీస్తావా?"

"పరువు మీది. కుక్క నాది."

ప్లేటు తోసి లేచాడు. రెండు ఇడ్లీలు మిగిలాయి. నేనే తిన్నా. ఆకలి బాగా వేసింది.

జూలై 16

మాటల్లేవు.

జూలై 17

మాటల్లేవు. సాంబారులో ఉప్పు వేయలేదు, కావాలనే. అడుగుతాడేమో అని చూశా. అడగలేదు, తిన్నాడు. మొండి మనిషి.

జూలై 20, ఆదివారం

గుళ్ళో పాస్టరు గారు ప్రకటన చేశారు, మన సంఘ బిడ్డలకు దేవుడిచ్చిన ఘనత అని. ఆరాధన అయ్యాక అందరూ వచ్చి చేయి కలుపుతున్నారు... ప్రకాశంతో!

"మీలాంటోళ్ళు ఉండాలన్నా. నోరులేని జీవాల కోసం..."

"ఏదో మన చేతనైంది" అంటున్నాడు తల వంచుకుని. ఎంత వినయం!

నేను అక్కడే ఉన్నా, చేతిలో బైబిలు. లేకపోతే ఆ చేత్తో ఏం చేసేదాన్నో.

ఇంటికొచ్చాక కరుణమ్మ అక్క ఫోన్. "కూచో సునందా, ఒక్క గంట గదా. మగోళ్ళకి అదొక సరదా." అక్కకేం, ఆవిడ పక్కన కూర్చునేది డేనియల్ అన్న. నేనైనా కూర్చుంటా ఆ పక్కన.

ఛ. ఏం రాస్తున్నా.

జూలై 23

ఇంకా చెప్పలేదు. కావలికి బ్యాగు సర్దా. కనపడేట్టు హాల్లో పెట్టా, కార్డు పక్కనే.

జూలై 24

బ్యాగు తీసి మంచం కింద పెట్టాడు. నేను మళ్ళీ హాల్లో పెట్టా.

జూలై 26, శనివారం

అయిపోయింది. చీర కూడా మార్చకుండా రాస్తున్నా. మెడ మంటగా ఉంది, బంతిపూల కాడలు గీరుకుని.

కావలి పోలేదు. పిల్లల కోసం. దొడ్డి అంతా తుడిచి, ముగ్గు గీసి, కుక్కలకు స్నానాలు చేయించి, మెడకు రిబ్బన్లు కట్టి ఉదయం నుంచీ ఎదురు చూస్తున్నారట. అది విన్నాక బస్సు ఎక్కలేకపోయా. కానీ స్టేజీ ఎక్కనని మాత్రం తీర్మానించుకున్నా. షామియానా పక్కన, మెట్ల కింద నిలబడ్డా.

ముందు పిల్లల ప్రదర్శన. ఇంతమంది జనం, మైకు గీపెట్టడం, ఎవరో పూలు చల్లుతున్నారు... మెర్సీ కుక్కపిల్ల ముక్కు మీద పూరేకు పడింది. కదల్లేదు. మెర్సీ వంకే చూస్తూ కూర్చుంది. చప్పట్లు. నాకు ఏడుపొచ్చింది. అక్కడితో ఆపేసి అందరినీ ఇంటికి పంపితే ఎంత బాగుండేది. నాకు అదే సన్మానం.

డేనియల్ అన్న, అక్క ఎక్కారు. శాలువా, జ్ఞాపిక. అన్న మైకులో ఒక్క మాటే: "పిల్లోళ్ళు నేర్చుకున్నారు, అంతే." దిగిపోయాడు.

తర్వాత మా పేర్లు. ప్రకాశం అప్పటికే కుర్చీలో ఉన్నాడు, తెల్ల చొక్కా, మేనేజరు పక్కన. నేను కదల్లేదు. మళ్ళీ పిలిచారు. "సునందమ్మ గారు సిగ్గుపడతా ఉండారు" అన్నారు ప్రెసిడెంటు గారు. జనం నవ్వారు. సిగ్గట! మేనేజరు మెడ తిప్పి ప్రకాశం వైపు చూశాడు.

ప్రకాశం లేచాడు. మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. చేయి చాచాడు. పళ్ళ సందులోంచి, పెదవి కదలకుండా —

"బుచ్చిలో. ఊరు దాటినాక కాలవ పక్కన రైసు మిల్లు. ఇంక రా."

అబద్ధమా? మొహంలోకి చూశా. చెమట కారుతోంది. అబద్ధం చెప్పేటప్పుడు వీడికి చెమట పట్టదు, అది నాకు తెలుసు.

చేయి పట్టుకున్నా. భార్యను చేయి పట్టి స్టేజీ ఎక్కించాడని జనం ఒకటే చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు.

ఆ తర్వాత దండ. ఇద్దరికీ కలిపి ఒక్కటే గజమాల. నలుగురు మోసుకొచ్చి మా తలల మీదుగా వేశారు. ఫొటో అబ్బాయి "దగ్గరికి జరగండి మేడం, సారు భుజానికి ఆనుకోండి" అంటాడు. ఆనుకున్నా. మాటంటే మాట.

ప్రకాశానికి మైకిచ్చారు. ఇవ్వకుండా ఉంటారా! "మా ఇంట్లో ముందు కుక్కకు పెట్టినాకే మేం తినేది" అన్నాడు. మేనేజరు తల ఊపాడు, మెచ్చుకోలుగా. నేను ఆ దండలోనే ఉన్నా, ఎక్కడికి పోతా.

రేపు బుచ్చి.

జూలై 27, ఆదివారం

గుడికి పోలేదు. నెల్లూరు బస్సు, అక్కడ మారి బుచ్చి బస్సు. దారి పొడుగునా నాట్లు, నీళ్ళు. ఏం చూశానో ఏమీ గుర్తులేదు. వాడు ఉండడు, ఇన్ని నెలలయ్యాక ఎందుకుంటాడు, ఏ లారీ కిందో... ఇదే.

మిల్లు ఉంది. కాలవ ఉంది. ఆ మాత్రం నిజమే చెప్పాడు.

గేటు దగ్గర వాచ్‌మన్, వయసైన మనిషి, బీడీ ఆర్పి లేచాడు. నల్ల కుక్క అని అనగానే —

"మీరు ఆ సారు తాలూకానా?"

"ఏ సారు?"

"పోర్టు సారు. నెల్లో రెండు మూడు తూర్లు వస్తాడు గదమ్మా, మోటారు సైకిలు మీద. బిస్కట్లు తెస్తాడు. అదో, ఆ కల్వర్టు మీద కూచుంటాడు దాని పక్కన. ఒకటే మాటలు దాంతో. ఏం మాట్లాడతాడో ఏమో, పొద్దుపోయేదాకా."

ఆయనే చెప్పుకుపోతున్నాడు.

"ఇంటికి తీసుకోని పోగూడదా సార్ అని అడిగినా ఒకసారి. ఏం చేసేదబ్బా, మా ఆవిడకి కుక్కలంటే గిట్టదు అన్నాడు. పాపం."

పాపం!

ఎండలో నిలబడే ఉన్నా. నాకు జాలి కలగాలేమో, ఇది చదివే వాళ్ళెవరైనా ఉంటే అలాగే అనుకుంటారు. కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. వదిలేసి మర్చిపోయాడనుకున్నా ఇన్నాళ్ళూ. అదే నయం. వదిలేసినవాణ్ణి తిట్టుకుంటే సరిపోయేది. వీడు నా దగ్గర లాక్కుని తన కోసం దాచుకున్నాడు. నేను ప్లాంటు గేట్ల దగ్గర తిరుగుతుంటే, ఇంటికొచ్చి ఏడుస్తుంటే, వీడు అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు, చేతులకు బిస్కట్ల వాసనతో. ఇంట్లో నాతో ఉప్పు లేదని చెప్పడానికి కూడా నోరు రాని మనిషి. కల్వర్టు మీద పొద్దుపోయేదాకా మాటలట.

ఏం మాట్లాడాడు? నా గురించేనా?

"నల్లోడా" అని పిలిచా. ధాన్యం బస్తాల వెనక నుంచి వచ్చాడు. ఒళ్ళు చేశాడు, వెంట్రుక నిగనిగలాడుతోంది. ఒక్క క్షణం ఆగి, వాసన చూసి... అంతే, నా మీద పడ్డాడు. చీరంతా మట్టి. ఏడుస్తున్నాడు కుయ్ కుయ్‌మని, నేనూ ఏడుస్తున్నా. వాచ్‌మన్ అటు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి నల్లోడు నన్ను వదిలి రోడ్డు మీదికి వెళ్ళాడు. నెల్లూరు వైపు చూస్తూ నిలబడ్డాడు. పిలిస్తే వచ్చాడు, నా చేయి నాకాడు, మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. మోటారు సైకిలు ఏది పోయినా తోక ఊపుతున్నాడు.

డేనియల్ అన్నకు ఫోన్ చేశా. వ్యాను తెచ్చాడు. నల్లోణ్ణి ఈ రాత్రికి తన దగ్గరే ఉంచమన్నా. ఇంట్లో నేను ఏమీ అనలేదు, ప్రకాశం ఏమీ అడగలేదు. మట్టి చీర మాత్రం చూశాడు.

జూలై 28, సోమవారం

స్కూలుకి సెలవు పెట్టా. ప్రకాశానికి మార్నింగ్ షిఫ్టు. వాడు వెళ్ళాక అన్న నల్లోణ్ణి దింపిపోయాడు.

ఇల్లంతా తిరిగి వాసన చూశాడు. పాత చోటే, వరండాలో, నా కుర్చీ కింద పడుకున్నాడు. అన్నం పెట్టా, తిన్నాడు.

ఏం అనాలో పొద్దుటి నుంచీ అనుకుంటున్నా. మా ఆవిడకి కుక్కలంటే గిట్టదు — అది ముందు అడగాలి. అరవాలి, వీధి వినేట్టు. వాడు నన్ను టీచరమ్మ అన్నంత గట్టిగా. తర్వాత... తర్వాత ఏంటో తెలియట్లేదు. కుక్కా నేనూ కావలి పోవచ్చు. వాణ్ణే పొమ్మనొచ్చు. కల్వర్టు మీద కూర్చోమనొచ్చు, ఒక్కణ్ణే.

రెండు దాటింది. గేటు లోపల గడియ వేసి వచ్చా.

బండి ఇంకా మలుపులోనే ఉంది, నాకు వినపడనే లేదు, నల్లోడు లేచాడు. 'కూచో' అన్నా. నా వంక చూశాడు. కూర్చోలేదు. పరుగెత్తి గేటుకి రెండు కాళ్ళూ ఆనించి...

బండి ఆగింది. గడియ చప్పుడు లేదు. వరండాలోంచి కనపడుతున్నాడు, గేటు అవతల, హెల్మెట్ తీయకుండా. వేళ్ళు కడ్డీల సందులోంచి లోపలికి పెట్టాడు. నల్లోడు నాకుతున్నాడు.

నా వైపు చూడట్లేదు ఇద్దరూ. నేను కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నా. గడియ తీయాలి... తీయాలా?