కనుమ దారి వద్దని నువ్వే చెప్పాలి

మార్చి 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్కడ నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా కులాసాలో ఒక పాలు అబద్ధం ఉంది, ఈ ఉత్తరం దాని గురించే. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ఫోన్ తీస్తే చాలు, మీ బావ స్పీకరు పెట్టేసి, నా మాట నా నోట్లో ఉండగానే తనే అందుకుంటారు. అందుకని కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మిషను బల్లని తిట్టుకో, నన్ను కాదు.

ముందు మంచి కబుర్లు. మనం నలుగురం వెళ్లబోయే ఇల్లుబండిని నిన్న చూసి వచ్చాం. మోటార్‌హోమ్ అనాలట, అద్దెకిచ్చే ఆయన దిద్దాడు గానీ నా నోటికి ఇల్లుబండే వస్తోంది. లోపల ఎంత పొందిగ్గా ఉందో. మంచం ఎత్తితే కింద అలమర, బల్ల మడిస్తే ఇంకో మంచం. పొయ్యి ముందు నిలబడితే వీపు బాత్రూము తలుపుకి తగులుతుంది. నేనూ మరదలూ ఒకేసారి వంటకి దిగితే ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టుకోవాలి. కిటికీ తెరలు మాత్రం చూడలేకపోయాను, అంచులు మడిచి కుట్టిన పాపాన పోలేదు. కొలతలు తెచ్చుకుని కొత్తవి మొదలుపెట్టాను.

ఇక దారి సంగతి. కొండలు దాటి అవతలి లోయకి పోవడానికి రెండే దారులని నీకూ తెలుసు. ఒకటి కనుమ దారి, కొండ నెత్తి దాకా ఎక్కి, మెలిక మీద మెలిక తిరిగి దిగేది. మీ బావ ఉద్యోగమంతా బస్సు నడిపిన దారి అది. రెండోది ఏటి దారి, కొండల కాళ్ల దగ్గరే ఏటిని పట్టుకుని పోయి, ఒక సొరంగంలో దూరి అవతల తేలేది. చుట్టు ఎక్కువ, ఎత్తు తక్కువ. మీ బావ లెక్కలో అది దారే కాదు. గుడ్డలు కత్తిరించే బల్ల మీద మ్యాపు పరిచి, నా సుద్దతోనే కనుమ దారి మీద గీత గీశారు. ఎక్కడ నీళ్లు పట్టుకోవాలి, బండి ఒరగకుండా రాత్రి నిలుపుకోవడానికి చదునైన చోటు ఎక్కడుంది, ఏ మలుపు నుంచి చూస్తే మంచు కనిపిస్తుంది, ఒకటే పాఠం. కరెంటు మీటరు చూడటానికి వచ్చినతనికి కూడా చెప్పారు. పాపం, అతను నిలబడి అంతా విన్నాడు. ఏటి దారి మీద కూడా సుద్ద మరక ఉంటే, నా చీర చెంగు పని అయి ఉంటుందని దులిపేశాను.

అసలు మాటకి వస్తాను. మీ బావ కుడి కాలికి స్పర్శ పోతోంది. షుగరు చేసిన పని. ఈ మధ్య ఒకరోజు వీధి గుమ్మంలోంచి వంటింటి దాకా ఒక్క చెప్పుతోనే వచ్చారు. రెండోది గుమ్మం దగ్గరే ఊడిపోయింది, ఊడినట్టు ఆయనకి తెలియలేదు. ఆయన పేపరు చూసుకుంటుంటే తెచ్చి కాలి పక్కన పెట్టాను. డాక్టరమ్మ పాదానికి దూది ఆనించి తెలుస్తోందా అని అడిగితే, ఓ, బ్రహ్మాండంగా తెలుస్తోంది అన్నారు. ఆవిడ అప్పటికింకా దూది ఆనించనే లేదు. బండి నడపడం ఇక మానుకోమనండి అని ఆవిడ నాతో నెమ్మదిగా చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట ఎత్తితే, అది స్కూటరు గురించిలే అని సర్దేశారు.

నిన్న ఇల్లుబండిని ఆ ఆవరణలో ఒక చుట్టు తిప్పారు. అంత పెద్ద బండి ఆయన చేతిలో ఎంత బుద్ధిగా తిరిగిందనుకున్నావు. గేటు దగ్గర బ్రేకు మాత్రం ఆలస్యంగా పడి ఒక పూలకుండీ పోయింది. కొత్త బ్రేకు, కాలికి అలవాటు కాలేదన్నారు. అద్దెకిచ్చే ఆయన నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు, కుండీ ఉన్నచోట నాకు లోయ కనిపించింది.

నువ్వే చెప్పొచ్చుగా, నీ మాట వింటారు అంటావు. వింటారు, నా భయమంతా అదే. కనుమ మీద మీరిక బండి నడపలేరు అని నా నోటితో అంటే, సరేనని మ్యాపు మడిచి లోపల పెట్టేస్తారు. ఆ తర్వాత ఆ మనిషిని నేను రోజూ చూడాలి. రిటైరైనప్పటి నుంచి గోడ వైపు తిరిగి కూర్చునే మనిషి, ఈ మ్యాపు పరిచాకే పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నారు. నాకు ఆ మనిషి ప్రాణమూ కావాలి, ఆ గడ్డం గీసుకోవడమూ కావాలి. ఎలా కుదురుతుందో తెలియక నిన్ను బతిమాలుకుంటున్నాను.

భయం నీదని చెప్పు తమ్ముడూ. కనుమ దారంటే నీకు కాళ్లు వణుకుతాయని మనింట్లో తెలియనిదెవరికి? అప్పుడెప్పుడో మీ బావ బస్సులో కనుమ నెత్తి దాకా ఎక్కి, ఇక నా వల్ల కాదు, నడిచే దిగుతానని గగ్గోలు పెట్టి బస్సంతా ఖాళీ చేయించావు. నడకరాయుడు అన్న పేరు అప్పుడు పడింది, నీ పెళ్లిలో కూడా వదల్లేదు. మరదలి ముందు ఆ పేరుతో పిలిచి అందరం ఎంత నవ్వామో గుర్తొస్తే, ఇప్పుడిది అడగడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను. ఆ పేరు ఇంకొక్కసారి మోయి. కనుమ దారైతే నేను రానని మొండికెయ్యి. నిన్ను నాలుగు ఆడిపోసుకుని, నీ ఖర్మ, ఏటి దారిన తగలడదాం అంటారు.

రెండో అబద్ధం కూడా ఉంది. పక్కన కూర్చుంటే వాంతి వస్తుంది, స్టీరింగు చేతిలో ఉంటేనే కుదురుగా ఉంటుందని చెప్పు. సందుల్లో మందుల వ్యాను తిప్పేవాడికి ఇల్లుబండి ఇవ్వడమా అని ఎగతాళి చేస్తారు. పడు. ఆయన తిట్లు నీకు కొత్తా ఏమిటి.

సొరంగం ముందు ఎత్తు హద్దు ఉందట. బండి ఎత్తెంతని అడిగితే మీ బావ చెవిన పడుతుందని, తెరల వంకతో స్టూలెక్కి నా టేపుతో కొలిచాను. దిగులు లేదు, చాలా జాగా మిగులుతుంది.

మరదల్ని అడిగానని చెప్పు. దుప్పట్లు తనని తెమ్మను, తెరలు నావి. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

నీ మేలు ఎప్పుడూ కోరే
అక్క

తా.క. ఇది మీ అక్క రాత కాదు బావమరిదీ, నాది. సోమవారం రాస్తున్నాను. టేపు కోసం మిషను సొరుగు తీస్తే, అతికించని ఈ ఉత్తరం కనబడింది. టేపు నాకెందుకంటావా? ఇల్లుబండి ఎత్తు కొలవడానికి. కనుమ మీద ఆకాశానికి హద్దు లేదు, కొలిచేది సొరంగం కోసమే కదా. ఏటి దారి మీద సుద్ద గీసిందీ, తుడిచిందీ నేనే. చెప్పడానికి నోరు రాలేదు. కాలి దగ్గరికి చెప్పు దానంతట అది నడిచి రాదని నాకూ తెలుసు.

నా కోసం పిరికివాడివి కమ్మని మీ అక్క నిన్ను అడిగిన చోట ఆగిపోయి, మిగతాది తర్వాత చదివాను. ఆ పని నువ్వు ఎప్పుడో చేశావని తనకి తెలియదు. ఆ రోజు కనుమ నెత్తిన బ్రేకు మెత్తబడుతోందని నీ చెవిలో చెప్పాను. పొద్దున సరిగ్గా చూసుకోకుండా బస్సు తీసింది నేను, అప్పటికి ఉద్యోగం కొత్త. ఉన్నమాట చెబితే జనం తలుపు దగ్గర తొక్కుకుంటారని నా వణుకు. నువ్వు లేచి, నాకు భయమేస్తోంది, దిగిపోతానని అంత గోల చేస్తే, నిన్ను చూసి నవ్వుతూ, తిడుతూ అందరూ దిగి నీ వెనకే నడిచారు. ఖాళీ బస్సుని ఫస్టు గేరులో నేను దించుకున్నాను. ఆ తర్వాత నడకరాయుడని నీకు పేరు పెట్టిందీ నేనే. ఎవరూ అనుమానించకూడదని మొదట అన్నాను, తర్వాత అలవాటైపోయింది. నీ పెళ్లిలో అందరూ నవ్వుతుంటే నువ్వు నా వంక చూసి నువ్వూ నవ్వావు. అది నేను మర్చిపోలేదు.

ఇందాక మీ అక్కకి అంతా చెప్పేశాను. ముందు నన్ను తిట్టింది, తర్వాత నీ కోసం ఏడ్చింది. ఉత్తరం తిరగరాస్తానంటే వద్దన్నాను, ఇలాగే పంపిస్తున్నాం.

ఏటి దారినే పోదాం. భయం నాది, ఆ మాట మీ ఆవిడకి నేనే చెబుతాను. స్టీరింగు నీది. పక్కన కూర్చుని గేర్ల గురించి నోరెత్తనని మాత్రం మాటివ్వలేను. ఇంకో సంగతి. మీ అక్క బండికి జాకెట్టు కొలత తీసింది, భుజాల దాకా కొలిచి తల వదిలేసింది. పైన ఫ్యాను డబ్బా ఉంది. కలిపి కొలిచి వచ్చాను, జానెడే మిగులుతుంది. అందుకని సొరంగం ముందు బండి ఆపు. మీ అక్క చెయ్యి పట్టుకుని నేను ముందు వెళ్లి, పైకప్పు చూసి చెబుతాను. ఈసారి దిగి నడిచేది నేను.