అమ్మకి నేనే చెబుదామనుకున్నాను

జూన్ 9, సోమవారం

ఇక కీమో వద్దన్నారు డాక్టర్. క్యాన్సర్ లివర్‌కి పాకిందట. ఎన్ని నెలలు అని అడిగితే పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నారు. ఆకాష్ పార్కింగ్‌లో వెక్కివెక్కి ఏడ్చాడు. మొగుణ్ణి నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చింది, నా ఖర్మ.

అమ్మకి చెప్పాలి. ఆరు నెలలుగా విగ్గు పెట్టుకుని, అల్సర్ అని బొంకుతున్నాను. నాన్న పోయినప్పుడు ఎవరో ఫోన్‌లో చెప్పేస్తే అమ్మ నార్సింగి చౌరస్తాలోనే పడిపోయింది. ఈసారి అలా కాకూడదు. పక్కన కూర్చుని నేనే చెప్పాలి. ఆదివారం వెళ్తాను.

జూన్ 11, మధ్యాహ్నం 2.20

రాయదుర్గం, ఆఫీసు. లీవ్ పెట్టమని ఆకాష్ పోరు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది.

చివరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసుకునే దవాఖాన ఒకటి ఉందట. దాని పేజీ కనబడితే ఫాలో కొట్టాను. గార్డెన్ బాగుంది. చచ్చేదానికి గార్డెన్ ఎందుకే జ్యోత్స్నా!

జూన్ 13, శుక్రవారం

అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం బోటీ కూర వండుతా, తొందరగ రా బిడ్డా అంది.

జూన్ 14, శనివారం, సాయంత్రం 6

అంతా నాశనం అయింది.

ఆ దవాఖాన వాళ్ల యాడ్ మీద నా ఫోటో! పట్టుచీర, బాసింగం, ఇకిలింపు. నా ప్రొఫైల్‌లో పెట్టుకున్న పెళ్లి ఫోటో. కింద, జ్యోత్స్న వీరిని ఫాలో అవుతున్నారు అని. నా ఫ్రెండ్స్ లిస్టులో అందరికీ వెళ్లింది. అమ్మకీ వెళ్లింది. అమ్మకి చదువు రాదు. నా మొహం కనబడితే చాలు, లైక్ నొక్కుతుంది. దాన్నీ నొక్కింది. వెంటనే అదే యాడ్, రుక్కమ్మ గారికి నచ్చింది అంటూ అమ్మ ఫోటోతో మా మేనత్త పోచమ్మకి వెళ్లింది.

అత్త చదవగలదు. ఉరుక్కుంటూ వచ్చి, ఏంది వదినె, ఇది సచ్చిపోయేటోళ్ల దవాఖాన గదా, ఎవరికి బాగ లేదు అని అడిగిందట. నాకేం తెల్సు, బిడ్డ ఫోటో ఉన్నదని నొక్కిన అందట అమ్మ. ఆ మాట అంటూనే ఆగిపోయిందట.

ఇదంతా అత్తే ఫోన్‌లో ఏడ్చుకుంటూ చెప్పింది. అమ్మ నా ఫోన్ ఎత్తడం లేదు.

అదే రోజు, 7.45

సెట్టింగ్స్ తవ్వాను. అడుగున ఎక్కడో ఒక బటన్. మీ పేరు, ఫోటో ప్రకటనల్లో చూపించవచ్చు. ఆన్‌లో ఉంది. నేను ఎప్పుడూ నొక్కలేదు. ఎవరూ నొక్కక్కర్లేదు, అది మొదటి నుంచే ఆన్. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, నాకు తెలియదా! మా ప్రాజెక్టులో ఇలాంటి బటన్‌కే "డిఫాల్ట్ ఆన్, పాస్" అని, అంటే అడక్కుండానే ఆన్‌లో ఉన్నా పర్లేదని, నేనే రాశాను, టీ తాగుతూ. దొంగసచ్చినోళ్లు అని తిడదామంటే వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆఫ్ చేశాను. ఏం లాభం? నా చావు కబురైనా నాదే అనుకున్నాను. అదీ నాది కాదట.

జూన్ 15, ఆదివారం

అమ్మ కళ్లు వాచిపోయి ఉన్నాయి. అత్తను బయటికి పంపి తలుపు వేసింది. ఫోన్ల ఏమున్నదో నాకు తెల్వదు, పోచమ్మ ఏమన్నదో నేను వినలే, నీ నోటితోని నువ్వు చెప్పు బిడ్డా అంది.

అన్నం పెట్టమన్నాను. రెండు ముద్దలు తిని, చెప్పకుండానే మియాపూర్‌లో మా ఇంటికి వచ్చేశాను.

జూన్ 16

మళ్లీ వెళ్లాను. చెప్పాను.

అవునా బిడ్డా, అని అడిగింది అమ్మ, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు.